ఏమని పిలవాలె?

నేను బడి మానేశానంటారు గానీ, నిజానికి బడే నన్ను భరించలేక మానేసింది. నా నోరు ఊరుకోదు మరి. మెట్టుగూడ బస్సులో పక్క సీటు మనిషి ఫోన్‌లో జపాన్ కార్టూన్ చూస్తుంటే, "ఆ హీరో పిలగాడా, పిల్లనా?" అన్నాను.

"రెండూ కాదన్నా, నా లెక్కనే. మా ఫ్యాన్స్ గ్రూపుల ఎవరు కొత్తగొచ్చినా, ఏమని పిలవాల్నో ముందు అడుగుతం. ఇంట్ల మాత్రం నన్నింకా పాత పేరుతోనే పిలుస్తరు." ఫోన్ ఆపి నావైపు తిరిగి, "మరి మిమ్మల్నేమని పిలవాలె?"

బస్తీ అంతా నన్ను బక్కోడంటుంది. ఎవరూ అడిగి అనలేదు. సిగ్గుపడుతూ అసలు పేరు చెప్పాను.

"పోయొస్త యాదగిరన్నా," అని దిగిపోయారు.

ఇంటికెళ్లి గొప్పగా చెబితే మా ఆవిడ అంది: "సంబురపడ్డది చాలు గానీ, ఆ మనిషి పేరు నువ్వడిగినవా?"