లెయిమాస్‌కు దక్కని కుడి సగం

ఆకుల్లో చుట్టి కాల్చిన దుంపల రొట్టె లాప్లాప్‌ను మగవాళ్ల సావిడి గుమ్మం దాకా మోసుకెళ్లడం లెయిమాస్ పని. లోపలికి తొంగిచూడటం ఆమె పని కాదు. లోపల నల్లటి బూడిద నేల మీద మేనమామ వేలు ఎత్తకుండా తాబేలు గీస్తూ మగపిల్లలకు నేర్పేవాడు. నిప్పుకొండ ఉన్న ఆంబ్రిమ్ దీవిలోని ఆ ఊరికి ఆ ఒక్క గీతే చదువు. ఆటుపోట్లు, పెళ్లి వరసలు, చచ్చాక నడవాల్సిన దారి, అన్నీ అందులోనే. మేనమామ వీపు అడ్డమొచ్చి ఆమెకు ఎప్పుడూ ఎడమ సగమే కనిపించేది. లాప్లాప్ దించి తిరిగొచ్చేది.

ఏళ్లు గడిచి, రొమ్ములో గడ్డ పుండై, ఇక లేవనని తెలిశాక నోరు విప్పి అడిగింది. చచ్చాక నడిచే ఆ నిప్పుకొండ దారిలో ఒక ముసలి రాకాసి కూర్చుని, వచ్చిన ప్రాణం ముందు తాబేలు గీసి సగం చెరిపేస్తుందట. పూర్తి చేసినవాళ్లకు దారి ఇస్తుంది. చేయలేనివాళ్లను తినేస్తుంది. చర్చికి వెళ్లేవాళ్లు కూడా ఈ సంగతి దగ్గర గొంతు తగ్గిస్తారు.

"ఒరేయ్ సైలాస్, ఆ కుడి సగం చూపించరా," అంది తమ్ముడితో.

"నీకెందుకే అక్కా? నిన్ను తింటే రాకాసికి అరగదులే."

"ఎడమ వైపు చెరిపితే గీసేస్తానురా. కుడి వైపు చెరిపితేనో?"

"అటు చెరపొద్దని బతిమాలుకో!"

నవ్వి నవ్వి, చివరికి ఆమె చాప పక్కనే కూర్చుని గీశాడు. అప్పట్నుంచి ఆమె వేలు ఆగలేదు. చాప మీద దిద్దింది. ఒళ్లు తుడవడానికి వచ్చిన సైలాస్ కూతురు రోజ్‌లిన్ చేతి మీద కూడా దిద్దింది.

"అత్తా, చక్కిలిగిలి!"

"కదలకే పిల్లా, తప్పిపోతుంది."

ఒక సాయంత్రం వెదురు గోడకు అవతల మగవాళ్లు మత్తెక్కించే వేరు రసం, కావా, తాగుతున్నారు.

"నిజంగానే చూపించావట్రా?" అన్నాడు పక్కింటి ఏబెల్.

"తాబేలా? ఆడదానికా? వేలికి తోచినట్టు తిప్పా. పాపం, ఎంత శ్రద్ధగా దిద్దుతోందో చూడు!"

నవ్వులు, ఉమ్ములు. ఆమె అన్నీ వింది.

తెల్లారాక, చూపించింది నిజమైన గీతేనా అని అడిగింది. "అదే నిజమైందే," అన్నాడు సైలాస్, గుమ్మం వైపు చూస్తూ. ఆ తప్పుడు సగాన్ని మరిచిపోదామని చూసింది. దిద్ది దిద్ది అలవాటైన వేలు అటే తిరిగేది. రోజ్‌లిన్ చెయ్యి నలిపేస్తూ, "తింటుందే, నన్ను తినేస్తుందే," అని అరుస్తూ పోయింది.

"ప్రశాంతంగా పోయింది మా అక్క," అన్నాడు సైలాస్, చావు విందులో పంది మాంసం నములుతూ.

రాకాసి ఉందా లేదా అన్నది పక్కన పెట్టండి. ఆ అరుపు నిజం. ఇప్పుడు రోజ్‌లిన్ తాబేలు నేర్పమంటోంది, తండ్రి కసురుతున్నాడు. మీ ఇంటి విద్య మందైనా, లెక్కైనా, రాగమైనా, అడిగిన ఆడపిల్లను ఇవాళే కూర్చోబెట్టి మొత్తం నేర్పండి. వద్దనే పెద్దలుంటే వాళ్లతో పోట్లాడండి.