ట్రింకోమలిలో నా ముందు నడిచిన అవ్వ

దయ్యాల మాటకు మా ఇంట్లో విలువ లేదు. మా నాయనకు బాగేపల్లిలో బోరు మోటార్లు, డ్రిప్పు పైపుల అంగడి ఉంది. ఎవరికైనా గాలి సోకిందని వింటే ముందు రక్తం పరీక్ష చేయించమని చెప్పే మనిషి ఆయన. మా అవ్వ, అంటే నాయనను కన్న తల్లి, గూళూరు దగ్గరి మా చేలో వేరుశనగ కాపలాకు ఒంటరిగా పడుకున్న మనిషి. "దయ్యమనేది ఉంటే ఒక్కసారన్నా వచ్చి పిడికెడు శెనక్కాయలు అడిగుండాల గదా" అంటుంది.

నేనూ అలాగే పెరిగాను. దయ్యాల కథలు చదివి హాయిగా నిద్రపోయేదాన్ని. చిన్నప్పటి నుంచీ డైరీ రాస్తాను, చూసింది చూసినట్టు రాయడం అలవాటు. ఆ రోజు రాసుకున్న పేజీలు ఎదురుగా పెట్టుకునే ఇది రాస్తున్నాను.

నా భయమంతా మనుషులతోనే. చిక్కబళ్ళాపురంలో డిగ్రీ చదివేటప్పుడు, బస్సు నా స్టాపు దాటిపోతున్నా కండక్టరును ఆపమని అడగలేక, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచి వచ్చిన రోజులు ఎన్నో. ఆ మధ్య మంగళూరు వైపు ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగానికి ఎంపికయ్యాను. రాతపరీక్ష మాత్రమే కాబట్టి నెగ్గాను. చేరుతున్నానో లేదో పది రోజుల్లో ఉత్తరం రాసి పంపాలి. ఒంటరిగా అంత దూరం పోయి, కొత్త ఊళ్ళో గది వెతుక్కుని, కొత్తవాళ్ళతో మాట్లాడి బతకడం నా వల్ల అవుతుందా? ఉత్తరం రాయకుండా రోజులు నెడుతున్నాను.

అదే సమయంలో నాయనకు పైపుల కంపెనీవాళ్ళు ఓడ ప్రయాణం బహుమతిగా ఇచ్చారు. చెన్నైలో ఎక్కితే శ్రీలంక దాకా పోయి రావచ్చు, ఇద్దరికి టికెట్లు. ఎండాకాలం, రైతులు బోర్లు వేయించే రోజులు. నాయన అంగడి వదిలి రాలేకపోయారు. అవ్వనూ నన్నూ పంపారు.

ఓడలో మా పక్క గది శారదమ్మగారిది. చింతామణిలో వాళ్ళకూ మోటార్ల అంగడి ఉంది. నోరున్న మనిషి. మొదటి పూటే మా అవ్వకు స్నేహితురాలైపోయింది.

రెండో రోజు ఉదయం ఓడ శ్రీలంకలోని ట్రింకోమలి రేవులో ఆగింది. దిగాలనుకున్నవాళ్ళు దిగి ఊరు చూసి, నాలుగు గంటలకల్లా తిరిగి ఎక్కాలి. దిగకపోయినా ఎవరూ ఏమీ అనరు. అవ్వకు మోకాళ్ళ నొప్పులు. ఓడలోనే ఉంటానంది. ఒంటరిగా దిగితే ఓడ నన్ను వదిలేసి పోతుందేమోనన్న భయంతో నేనూ ఉండిపోతానన్నాను.

"నువ్వెందుకుండాల? కాళ్ళు బాగుండాయి గదా. పొయ్యి చూసి రా" అంది అవ్వ.

"నువ్వు రాకుంటే నేను పోను."

"మంగళూరికి గూడా నన్ను ఎంటబెట్టుకొని పోతావా? ఆ లైబ్రరీలో యాడ పెడతావు నన్ను?"

శారదమ్మగారు మా మంచం మీద కూర్చుని నవ్వింది. "బీరువాలో పెట్టు పాపా, నెంబరేసి. ఎవరన్నా అడిగితే పదైదు దినాలకు ఇచ్చి పంపు."

నాకు కోపం వచ్చింది. ఆ ఉద్యోగమే నాకు వద్దు, ఈ రోజే రాసి పంపేస్తాను అన్నాను. అవ్వ ముఖంలో నవ్వు పోయింది. కొంగు భుజం మీదికి లాక్కుని గోడ వైపు తిరిగింది. నేను బాత్రూములోకి పోయి తలుపు వేసుకుని ఏడ్చాను. ముఖం కడుక్కుని బయటికి వచ్చేసరికి గది ఖాళీగా ఉంది, తలుపు తీసి ఉంది.

బయటికి తొంగి చూశాను. పొడుగాటి వరండా చివర అవ్వ నడిచిపోతోంది. నెమలి రంగు చీర, పసుపు అంచు, చిన్న ముడి. మెట్ల వైపు తిరిగింది. నా కోసం పంతానికి తానే దిగుతోందని అర్థమైంది. సంచి భుజానికి వేసుకుని వెంట పరుగెత్తాను.

ఎందుకు పిలవలేదని తర్వాత చాలామంది అడిగారు. మా ఇంట్లో బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవరు. పిలిస్తే పోయే పని చెడుతుందంటారు. నాయన అంగడికి బయలుదేరాక తాళంచెవి మరిచిపోయినా, అమ్మ వెంట పోయి ముందుకు వచ్చి ఇస్తుంది గానీ పిలవదు. అదేమీ నాకు పెద్ద నమ్మకం కాదు. అయినా నోరు రాలేదు. పైగా అవ్వ కోపంగా ఉందనుకున్నాను.

ఓడ దిగే చోట, ఎక్కేటప్పుడు ఇచ్చిన కార్డును ఒక్కొక్కరూ యంత్రానికి చూపించాలి. నా కార్డు చూపించాను, గంట మోగింది. అవ్వ అప్పటికే కిందికి దిగే వంతెన చివర ఉంది. అక్కడి సిబ్బందిలో ఒకతను ఒంటరిగానా అని అడిగాడు. మా అవ్వ ముందు పోతోందని చేత్తో చూపించాను. అతను అటు చూసి తలూపాడు. ఏం చూసి తలూపాడో తెలియదు.

రేవు గేటు దాటాక సముద్రం పక్కనే రోడ్డు. అవ్వ ఇరవై అడుగుల ముందు నడుస్తోంది. నేను వేగం పెంచినా ఆ దూరం తగ్గలేదు. ఆగినా పెరగలేదు. ఊళ్ళో మా చేను గట్టు మీద కూడా అవ్వ ముందు, నేను వెనక. వెనక్కి తిరిగి చూసే అలవాటు ఆమెకు ఎప్పుడూ లేదు. అందుకే నాకు వింతగా తోచలేదు. ఒకటి మాత్రం గమనించాను. ఆమె కుంటడం లేదు. సముద్రపు గాలి మోకాళ్ళకు మేలు చేసిందేమో అనుకున్నాను.

ఊరు దాటి పాత కోటలోకి పోయాం. అక్కడ మచ్చల జింకలు రోడ్డు పక్కన మేకల్లాగా తిరుగుతున్నాయి. ఒకటి నా సంచి వాసన చూసింది. స్కూలు పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. ఒక చోట నారింజ రంగు కొబ్బరి బోండాలు అమ్ముతున్నారు. ఎండ మండుతోంది. అవ్వ దూరమైపోతుందన్న ఆదుర్దాలో, వచ్చీరాని తమిళంలో నేనే అడిగి రెండు కొన్నాను. ఒకటి కొట్టించుకుని తాగుతూ, రెండోది అవ్వకని చంకలో పెట్టుకుని నడిచాను. కొత్త ఊళ్ళో నేను ఎవరితోనైనా మాట్లాడటం అదే మొదలు. అప్పుడు ఆ సంగతి తోచలేదు.

కోట దాటితే గుట్ట మీద శివుడి గుడి, కింద లోతుగా నీలం సముద్రం. చెప్పులు విడిచే చోట జనం ఎక్కువగా ఉన్నారు. అవ్వ ఆ జనంలోకి పోయింది. అంతే.

గుడి లోపల, బయట, రాళ్ళ అంచున, అన్ని చోట్లా చూశాను. వెతుకుతుండగానే మధ్యాహ్నం రెండైంది. డెబ్బై దాటిన మనిషి, ఫోను లేదు, అక్కడి మాట తెలియదు. పూలు అమ్మే ఆమెను అడిగాను. పోలీసును అడిగాను. టికెట్లు ఇచ్చే పిల్లవాడిని, పెళ్ళివాళ్ళను, ఒక తెల్లదొరను అడిగాను. నెమలి రంగు చీర, ఇంత ఎత్తు, చిన్న ముడి అని ఎంతమందికి చెప్పానో.

గుడి ఆఫీసులో మైకు ఉంది. అక్కడి పెద్దాయన రెండుసార్లు తమిళంలో చెప్పి, "మీ అవ్వకు ఇది అర్థం కాదు కదా, మీరే చెప్పండి" అని మైకు నా చేతికిచ్చాడు.

పదో తరగతిలో ప్రార్థన చదవమంటే జ్వరమని ఇంట్లో పడుకున్నదాన్ని నేను. మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాను.

"అవ్వా, నేను పాపను. చెప్పులిడిచే కాడ నిలుచుకోనుండాను. యాడున్నా వచ్చేయి అవ్వా. కోపమొద్దు. నువ్వు చెప్పినట్లే వింటాను."

నా గొంతు గుట్టంతా వినిపించింది. జనం నా వైపు చూశారు. చూస్తే చూడనీ అనిపించింది. మూడుసార్లు చెప్పాను.

అవ్వ రాలేదు. మూడు దాటింది. అప్పుడు నిజంగా తేల్చుకోవలసి వచ్చింది. అవ్వ లేకుండా ఓడ ఎక్కడమా, ఓడ పోయినా సరేనని అక్కడే ఉండిపోవడమా? ఉదయం నుంచి నేను భయపడుతూ వచ్చిన సంగతే, ఓడ నన్ను వదిలేసి పోవడం. తేల్చుకోవడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. రేవు దగ్గర చెప్పి, వాళ్ళ చేత కూడా వెతికించి, అవ్వ దొరికేదాకా ఈ ఊళ్ళోనే ఉంటాను. ఆటో పిలిచి ఎక్కాను.

ఓడ వంతెన దగ్గర ఉన్న అధికారికి ఇంగ్లీషులో అంతా చెప్పాను. ఆయన పేరు, గది నంబరు అడిగి ఫోనులో మాట్లాడి, మీ అవ్వ ఈ రోజు ఓడ దిగనే లేదన్నాడు.

"దిగింది. నా ముందే దిగింది. కొండ దాకా నా ముందే నడిచింది. మీ యంత్రం తప్పు. ఆమె లేకుండా నేను ఎక్కను" అన్నాను.

వెనక వరుస పెరిగింది. మా టూరు మేనేజరు వచ్చి, "మేడమ్, ఓడ ఎవరి కోసమూ ఆగదు" అన్నాడు.

"పోనీండి. నా బ్యాగు కిందికి దించి పోండి" అన్నాను. నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకే తెలియదు.

అంతలో పైనుంచి పిలుపు వినిపించింది.

"ఏమి పాపా, ఆడ నిలుచుకొని గలాటా చేస్తాండావు?"

తలెత్తి చూశాను. మూడో అంతస్తు కటకటాల దగ్గర అవ్వ. పక్కన శారదమ్మగారు. అవ్వది అదే నెమలి రంగు చీర. అవ్వ పిడికిట్లో ఏవో ఉన్నాయి.

బోండాం చంకలో అలాగే ఉంది.

"దిగి పోతివా? ఒక్కదానివే?" అంది అవ్వ. నేను తలూపాను. ఏమని తలూపానో నాకే తెలియదు. అవ్వ ముఖం వెలిగిపోయింది. "చూడమ్మా శారదమ్మా, మా పాప పరదేశం తిరిగొచ్చింది. ఆ దొరను ఎట్ల గదమాయిస్తాండాదో చూడు. ఇంగ రెండు మాటలను పాపా, గమ్మునుండొద్దు."

వరుసలో ఉన్న మన తెలుగువాళ్ళు నవ్వారు. ఆ అధికారి కూడా నవ్వి నాకు దారి ఇచ్చాడు.

గదిలో అవ్వ కార్డు తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. కింద కౌంటరులో మా ఇద్దరి కార్డుల లెక్క చూపించమన్నాను. నా కార్డు బయటికి ఒకసారి, లోపలికి ఒకసారి. అవ్వ కార్డు చెన్నైలో ఎక్కిన తర్వాత ఓడ దాటలేదు.

శారదమ్మగారు చెప్పింది ఇది. నేను బాత్రూములో ఉండగానే ఆమె అవ్వను తన గదిలోకి తీసుకుపోయింది, పాప కాసేపు ఒంటరిగా ఉండనీ అని. అక్కడి నుంచి ఇద్దరూ పైకి పోయి కాగితం మీద గళ్ళు గీసి, చింతపిక్కలతో చౌకాబారా ఆడుతూ కూర్చున్నారు. భోజనానికి లేచారు, మళ్ళీ ఆడారు. "మీ అవ్వ నా కాయలన్నీ కొట్టి కూర్చోనుండాది. లేసి యాడికి పోతాది? గెలిచే ఆట ఇడిసి పొయ్యే మనిషా?" అంది.

ఆ రాత్రే మంగళూరుకు ఉత్తరం రాశాను, చేరుతున్నానని. చెన్నైలో దిగగానే పోస్టు చేశాను. ఇప్పుడు ఆ ఊళ్ళోనే ఉన్నాను. గది నేనే వెతుక్కున్నాను. కాలేజీ పిల్లలను గట్టిగా మాట్లాడవద్దని రోజూ గదమాయించడమే నా పని. వాళ్ళు నాకు భయపడతారు కూడా. నాయన నమ్మలేదు, వచ్చి చూసి పోయారు.

నేను ఆలోచించని కారణం లేదు. అలాంటి చీర కట్టుకున్న ఇంకెవరో అయి ఉండవచ్చు. మిగిలిన రెండు రోజులూ ఓడంతా తిరిగి చూశాను, కనబడలేదు. ఏడ్చిన కళ్ళు మోసం చేసి ఉండవచ్చు. కానీ వరండాలో ఒక క్షణం మోసపోవచ్చు, గంటకు పైగా ఎండలో నడుస్తూ మోసపోతానా? ఆ రాత్రి అవ్వ కాళ్ళు పిసకమంది. అది ప్రతి రాత్రీ ఉండే నొప్పే. దాన్ని సాక్ష్యంగా చెప్పను.

అవ్వను చాలాసార్లు అడిగాను, ఆ రోజు నువ్వు ఎక్కడున్నావని. ఎప్పుడడిగినా ఒకటే జవాబు.

"యాడుంటాను పాపా, శారదమ్మను ఓడిస్తాండా."

గుట్ట మీది నుంచి రేవుకు తిరిగి వచ్చేటప్పుడు నాకు దారి చూపిస్తూ ముందు ఎవరూ నడవలేదు. అది నాకు బాగా తెలుసు, ఆ దారిలో ప్రతి మాటా నేనే మాట్లాడాను. పోయేటప్పుడు ఉన్నది ఎవరో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.