బైఠక్ తెగని పెండ్లి

నేను రాసే కథలు భూమ్మీద జరగవు. ఎక్కడో ఇద్దరు సూర్యులున్న చోట, ఎర్రటి ఆకాశం కింద జరుగుతాయి. "ఖేడ్ డిపోల బస్సు టైముకు రాదు గని, నీ రాకెట్లు మాత్రం నిమిషం తప్పవ్" అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. చేసుకోనీ. బడిలో లెక్కలు చెప్పి వచ్చాక నాకున్న సరదా అదొక్కటే.

ఆ గ్రహాల మీద దిగగానే నేను చేసే మొదటి పని గుడిని, మసీదును, చర్చిని, పెళ్ళిపందిరిని పక్కకు తోసేయడం. మాది మిషన్ కాలం నుంచీ క్రైస్తవుల ఇల్లు. ఆదివారం చర్చికి డుమ్మా కొడితే మా అమ్మ ఆ పూట అన్నం పెట్టేది కాదు. అంత భక్తిలో పెరిగాను కనుకే కథల్లోనైనా కాస్త ఊపిరి పీల్చుకుందామనుకునేదాన్ని. అన్ని ఆకాశాలు దాటిపోయిన మనుషులకు దేవుడెందుకు, పెళ్ళెందుకు, తెలివి చాలదా అని నా ధీమా.

నా కథలు మొదట వినేది పక్కింటి దర్జీ. మొగుడు పోయాక బ్లౌజులు కుట్టి కూతుర్ని డిగ్రీ చదివించింది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో నాకంటే చక్కటి తెలుగు. ఆమె కుట్టుమిషను తొక్కుతుంటే నేను పక్కన కూర్చుని చదువుతాను. ఒకరోజు మధ్యలో కాలు ఆపింది.

"అక్కా, మీ గ్రహంల పెండ్లిళ్ళు ఎట్లయితయి?"

"ఇద్దరూ పోయి కంప్యూటర్‌ల పేర్లు ఎక్కించుకుంటరు. అంతే."

"సాక్షులు?"

"ఎందుకు?"

"దేవుడు?"

"లేడు."

ఆమె దారం కొరికి ఉమ్మేసింది. "గట్లయితే గది గ్రహం కాదక్కా, లాడ్జి."

నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు చాయ్ కూడా తాగకుండా వచ్చేశాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. అప్పుడు రాస్తున్న కథలో అమ్మాయి ఒక గ్రహం మీద, అబ్బాయి ఇంకో గ్రహం మీద. ఒకరి మాట ఒకరికి చేరడానికే ఏళ్ళు పడుతుంది. వాళ్ళకు పెళ్ళెలా చేయాలో తెలియక కథ నడుమే ఆగిపోయింది.

ఇంతలో దర్జీ కూతురి నిఖా కుదిరింది. అబ్బాయి గల్ఫ్‌లో లారీ డ్రైవరు. పిల్ల తనే ఇష్టపడి ఒప్పుకున్న సంబంధం. పిల్ల పెదనాన్నకు మాత్రం మొదటినుంచీ గిట్టలేదు. డిగ్రీ చదివిన పిల్లను డ్రైవరుకిస్తారా అని ఆయన గొణుగుడు. అబ్బాయికి సెలవు దొరకలేదు. నిఖా ఫోనులో చేద్దామన్నారు. ఖాజీ సాబ్ మొదట తల అడ్డంగా ఊపాడు, తర్వాత సరేనన్నాడు. తండ్రి లేని పిల్ల కాబట్టి వకీలుగా పెదనాన్నే ఉండాలన్నారు. అంటే లోపల పిల్లను అడిగి, ఆమె ఒప్పుకున్న మాటను బయటికి మోసుకొచ్చే పెద్దమనిషి.

మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత మొదలుపెట్టారు. లోపల నేను పిల్ల పక్కనే ఉన్నాను. పెదనాన్న ఇద్దరు సాక్షులతో వచ్చి అడిగాడు. పిల్ల తల దించుకుని "కబూల్" అంది. ఆయన ఆ మాట షామియానా కిందికి తీసుకెళ్ళి ఖాజీ ముందు చెప్పి కూర్చున్నాడు. కుర్చీకి చున్నీతో కట్టిన ఫోనులో అబ్బాయి ముఖం. ఖాజీ అతన్ని అడిగాడు. అతను నోరు తెరిచాడు. అంతలో వాన విరుచుకుపడింది, బొమ్మ ఆగిపోయింది, ఫోను కట్టయింది. ఎవరి ఫోనులోనూ సిగ్నల్ లేదు.

పెదనాన్న మోకాలి మీద చెయ్యి పెట్టి లేవబోయాడు. "ఇది అల్లా ఇషారా, వద్దని సైగ. మళ్ల ఎప్పుడన్న చూద్దాం."

ఆ "ఎప్పుడన్నా" ఇక రాదని అందరికీ తెలుసు.

ఖాజీ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "అడుగుడు, ఒప్పుకునుడు ఒకటే బైఠక్‌ల, లేవకుంట కూసున్నకాడనే కావాలె. మాట మోసుకొచ్చినోడివి నువ్వు. నువ్వు లేస్తే బైఠక్ తెగుతది, పిల్ల చెప్పిన మాట చెల్లదు. నువ్వు కూసుంటే నిలుస్తది. నీ ఇష్టం."

పరదా వెనక పిల్ల నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు గుచ్చుకున్నాయి. "అమ్మీ, నేను చెప్పేసిన. ఎవ్వరిని లేవొద్దను" అంది. దర్జీ పరదా ఇవతల నుంచే అడిగింది: "భాయీజాన్, మీ తమ్ముడే గక్కడ కూసుంటే, లేస్తుండెనా?"

ఆయన మళ్ళీ కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు.

ఇక చూడాలి ఆ కూర్చోవడం! నిజానికి లేవకూడనిది కొద్దిమందే. కానీ ఒక్కరూ లేవలేదు. షామియానా మధ్యలో నీళ్ళు కారుతుంటే జరిగి కూర్చున్నారే తప్ప లేవలేదు. కంగ్టి నుంచి వచ్చిన చుట్టాల ఆటోవాడు వచ్చి అరిచి అరిచి వెళ్ళిపోయాడు. బగారా అన్నం చల్లారింది. ఎదురింటి కందుల వ్యాపారి, బొట్టు పెట్టుకుని వచ్చినవాడు, తనకూ ఆ నియమం ఉన్నట్టే బిగుసుకుని కూర్చున్నాడు. మా ఆయనైతే పెదనాన్న పక్కకు చేరి, స్నేహంగానే అనుకోండి, ఆయన మోకాలి మీద చెయ్యి వేసి తీయలేదు. మా ఆయన మీద నాకు అంత ప్రేమ పొంగిన రోజు ఇంకొకటి లేదు. నేను నమ్మని దేవుడికి ఆ పూట గట్టిగానే మొక్కాను.

సాయంత్రం అసర్ అజాన్‌కు ముందు ఫోను మోగింది. తెరమీద అబ్బాయి, నొసటిమీద వాడిపోయిన సెహ్రా పూలు, చెమటతో తడిసిన కుర్తా. వెనక గదినిండా కూలీలు, అందరూ కిందే కూర్చుని ఉన్నారు.

ఖాజీ మొదట అడిగింది పెళ్ళిమాట కాదు. "బేటా, నువ్వు లేచినవా?"

"లేవలే సాబ్. డ్యూటీ బస్సొచ్చి హారన్ కొట్టి పోయింది. లేవలే."

ఇక్కడ వీళ్ళు కూర్చున్నది అతనికి తెలియదు. అక్కడ అతను కూర్చున్నది వీళ్ళకు తెలియదు. "కబూల్ హై" అన్నాడు. అందరికంటే ముందు ఏడ్చింది పెదనాన్నే. పిల్ల లేవబోతే కాళ్ళు తిమ్మిరెక్కి పడిపోబోయింది, దర్జీ, నేనూ చెరోపక్క పట్టుకున్నాం.

ఆ వారమే నా కథ పూర్తయింది. అమ్మాయి ఒప్పుకున్న మాట అవతలి గ్రహానికి వెళ్ళి జవాబు వచ్చేదాకా ఊరంతా వంతులవారీగా కూర్చుంటుంది. ఒకరు కూర్చున్నాకే ఇంకొకరు లేస్తారు. ఎన్ని ఏళ్ళయినా బైఠక్ తెగదు. దర్జీ చివరిదాకా విని, "ఇప్పుడు గ్రహమైంది" అంది. పక్కన కూతురు హుక్కులు కుడుతోంది. అల్లుడికి ఇంకా సెలవు దొరకలేదు.

నాకో అనుమానం మిగిలింది. "ఇన్నేండ్లు కూసున్నరంటే చదివేటోళ్ళు నమ్ముతరంటవా?" అని ఆ పిల్లనే అడిగాను.

ఆమె సూదిమీంచి తల ఎత్తలేదు.

"ఎందుకు నమ్మరాంటీ? నేను లేచిన్నా?"