కుడి నుంచి మూడోది

నాకు అక్షరాలు వచ్చింది నలభై ఐదు దాటాక. అంతకుముందు కోరుట్లలో బీడీలు చుట్టాను. తర్వాత సిరిసిల్లలో ఒక ఇంటర్నెట్ కేబుల్ ఆఫీసులో ఊడ్చే పనికి కుదిరాను. అక్కడి ఇన్‌చార్జి అమ్మాయి మధ్యాహ్నం తిన్నాక నా ముందు పలక పెట్టేది. ఆమె రాసే 'డ'కు చివర చిన్న తోక ఉండేది. నా 'డ'కూ అదే తోక వచ్చింది.

తర్వాత కంప్యూటరు చూడటమూ నేర్పింది. గంటకోసారి జగిత్యాల పెద్దాఫీసు నుంచి తెర మీద ఎనిమిది సున్నాలు వచ్చేవి. ఒక్కోటి ఒక్కో ఊరి లైను. లైను తెగితే ఆ ఊరి సున్నా ఒకటి అవుతుంది.

"కుడి దిక్కు నుంచి లెక్కవెట్టు అక్కా. మూడోది వీర్నపల్లి, ఆరోది కోనరావుపేట. గంతే."

"గంతేనా? బీడీ కట్టలు లెక్కవెట్టుడు కన్నా అల్కగున్నది."

అప్పటి నుంచి ఏ ఊరి లైను తెగిందో రిజిస్టరులో నేనే రాసేదాన్ని. ఊడ్చడానికి ఇంకొకామెను పెట్టారు.

ఒక వాన పొద్దున 00000100 అని వచ్చింది. కుడి నుంచి మూడోది. వీర్నపల్లి అని రాశాను. లైన్‌మన్ తడుస్తూ పోయి చూస్తే అక్కడ అంతా బాగానే ఉంది. తెగింది కోనరావుపేటలో. మధ్యాహ్నం దాకా ఆ ఊళ్ళో నెట్ లేదు.

"ఎవలు రాసిండ్రు గిది?" అని ఓనరు అరిచాడు.

ఇన్‌చార్జి నా వైపు చూడలేదు. "అక్క రాసింది సార్. సదువు గిప్పుడిప్పుడే అచ్చింది గదా, ఆగమైంది."

చీపురు మళ్ళీ నా చేతికొచ్చింది.

మర్నాడు నేను ఇన్‌చార్జి బల్ల తుడుస్తుంటే కీబోర్డు కింద ఒక చీటీ కనిపించింది. కూడబలుక్కుని చదివాను. 'జగిత్యాల ఆఫీసులో కొత్త మిషన్. సోమవారం నుంచి లెక్క ఎడమ నుంచి.' వాన పడింది గురువారం. ఎడమ నుంచి లెక్కపెడితే ఆ ఒకటి ఆరోది. 'ఎడమ'లో 'డ'కు తోక ఉంది.

"గిది నీ రాతనే గదా బిడ్డా?"

ఆమె చీటీ లాక్కుంది. "చెప్పుడు మరిసిన అక్కా. నా పేరు చెప్తే నా నౌకరి పోతుండె. నీకేమైతది, ఊడ్చుకుంటనైన ఉండనిస్తరు."

ఆమె భోజనానికి వెళ్ళాక రిజిస్టరు తీశాను. గురువారం నేను రాసిన వరుస కింద రాయడం మొదలుపెట్టాను: 'నేను సరిగానే చూసిన. ఎడమ నుంచి అని నాకు ఎవరూ చెప్పలేదు.' 'ఎడమ' దగ్గర చెయ్యి ఆగింది. తోక లేకుండా 'డ' రాయడం నాకు రాదు.

అట్లాగే రాసి సంతకం పెట్టాను.