రూతు మేడం గీసిన గేదె

రోడ్డుకి అడ్డంగా పడుకున్న గేదెను చూసి కుర్ర డైరెక్టరు గారికి సాఫ్ట్‌వేరుకు ఆ పేరు తట్టిందట. కంపెనీవాళ్ళు చెప్పుకునే కథ ఇది. శుద్ధ అబద్ధం. మొన్న పామర్రు పాల కేంద్రంలో, తడి క్యాన్ల పులిసిన వాసన మధ్య, కంప్యూటర్ తెర మీద వాళ్ళు పెట్టిన గేదె బొమ్మ కనబడగానే నా ఒళ్ళు మండిపోయింది. రోజూ ఎవరెన్ని పాలు పోశారో రాసుకునే ఆ సాఫ్ట్‌వేరుకు ‘గేదె’ అని పేరు పెట్టింది రూతు మేడం. భవానీపురంలో మా రెండు గదుల ఆఫీసుకు పెద్ద ఆవిడే. నాకు పని నేర్పిందీ ఆవిడే.

పేరు చెప్పిన రోజు ముందుగా ఎదురు తిరిగింది నేనే. “గేదె ఏంటండీ మేడం, నవ్విపోతారు. చిరుత అని పెడదాం, స్పీడుగా ఉంటుంది.”

“చిరుతను నువ్వు పితుకుతావా?” అన్నారు, టీ గ్లాసు దించకుండానే.

తర్వాత విడమరిచి చెప్పారు. ఊళ్ళలో సిగ్నల్ ఉండదు. పాలు తెచ్చినవాళ్ళు దాని కోసం నిలబడరు. వచ్చిన వివరాలన్నీ ముందు లోపల దాచుకోవాలి, సిగ్నల్ వచ్చాక తీరిగ్గా పైకి పంపాలి. “గేదె చేసేదీ అదే కదమ్మా. దొరికినప్పుడు గబగబా మేస్తుంది, నీడకి చేరాక నెమరేస్తుంది.” కాలవ గట్టున వాళ్ళ నాన్న గేదెల వెంట పెరిగిన మనిషి ఆవిడ. బొమ్మ కూడా తనే గీశారు. కాళ్ళు ముడుచుకుని, కళ్ళు అరమూసి, దవడ పక్కకి జరిపి నెమరేస్తున్న గేదె. ఆ బద్ధకం చూస్తే మాకే నిద్రొచ్చేది.

తర్వాత ఆఫీసును ఒక పెద్ద కంపెనీ కొనేసింది. కొత్తగా వచ్చిన డైరెక్టరు, ఇంకా మీసం సరిగా రాని కుర్రాడు, కొత్త బొమ్మ చూపించాడు. కొమ్ములు దించి, మెడ కండలు పొంగించి మీదికి దూకుతోంది. చప్పట్లు.

“పొదుగేది బాబూ?” అన్నారు మేడం.

“ఎనర్జీ చూడండి మేడం, ఎనర్జీ.”

“ఇది దున్నపోతు. పాల కేంద్రానికి దున్నపోతును తోలితే వాళ్ళేం పితకాలి?”

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. మరుసటి నెలలో ఆవిడ కుర్చీ ఖాళీ అయింది, ఆ తర్వాత వెబ్‌సైటులోంచి ఆవిడ పేరు కూడా పోయింది.

నిరుడు మేడం పోయారు. చర్చిలో సంతాప సభకు ఆ డైరెక్టరు వచ్చి, మైకు ముందు ఆ రోడ్డు మీది గేదె కథే చెప్పాడు, ఆవిడ ఫోటో పక్కనే నిలబడి. బయటికొచ్చాక పట్టుకుని, అసలు కథ ఎందుకు చెప్పలేదని నిలదీశాను. “అంత వివరంగా చెబితే జనానికి ఎక్కదండీ” అని కారెక్కాడు.

ఇప్పుడు నేను పనిచేసే చోట పిల్లలు ఏ ప్రోగ్రాం తెచ్చినా, మేడం చేసినట్టే, ముందు ఇంటర్నెట్ వైరు పీకేసి ఇప్పుడు నడిపించమంటాను. విసుక్కుంటారు. విసుక్కోనీ. అతని నుంచి మాత్రం నాకొక జవాబు రావాలి. ఆవిడ పెట్టిన పేరు మీకు పనికొచ్చింది, ఆవిడ ఆలోచన పనికొచ్చింది. మరి ఆ మనిషి మీకేం అడ్డొచ్చింది?