పంకజం వండిన నల్లపండ్ల పులుసు

పెరంబూరు రైల్వే క్వార్టర్సు వెనక సందులో కాపురముండే దేవరాజులు ఎనిమిదో తరగతితో బడి మానేసి, ఒక కాలేజీ వృక్షశాస్త్ర విభాగంలో అటెండరుగా చేరాడు. ప్రాక్టికల్ పరీక్షల రోజున పొద్దున్నే పూలు కోసుకొచ్చి, బల్లల మీద నంబరు చీటీలు పెట్టి పరిచేవాడు. ఏ పువ్వు ఏ వంశానిదో పిల్లలు రాయాలి. ఆయన్ని ఎవరూ అడిగేవారు కాదు. అడిగితే మాత్రం తడుముకోడు. ముప్పై ఏళ్ళు తలుపు వారగా నిలబడి విన్న పాఠం మరి.

విన్నదంతా ఇంటికి తెచ్చి భార్య పంకజానికి చెప్పేవాడు. మిగిలిపోయిన పూలను గుండుసూదితో చీల్చి చూపించేవాడు.

"ఆకు సంగతి వదిలెయ్యి, పువ్వు చూడు. అయిదు రేకులు కలిసిపోయి, అయిదు కేసరాలు వాటికే అంటుకోనుంటే వంగ వంశం. టమేటా, మిరప, మనం కామంచి అనే మణత్తక్కాళి, అన్నీ దాయాదులే."

చుట్టరికాలు కలపడమంటే పంకజానికి మహా సరదా. మనుషులు అయిపోయాక మొక్కల మీద పడింది.

తొంభై నాలుగు ఆగస్టులో ఒక మధ్యాహ్నం, రెండింటికి దేవరాజులు అన్నానికి కూర్చున్నాడు. పులుసులో నల్లటి చిన్న పండ్లు తేలుతున్నాయి.

"మణత్తక్కాళి యాడ దొరికిందే?"

"అది కాదయ్యా, దాని దాయాది. క్వార్టర్సు కంచెలో విరగ్గాసి ఉండాది. పువ్వు చీల్చి చూసినా. అయిదు రేకులు, అయిదు కేసరాలు, అంటుకోనే ఉండాయి. మీ కాలేజీ పిలకాయల కంటే నేనే మేలు!"

ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"నువ్వు తిన్నావా?"

"ఆకలేసి ఒంటిగంటకే తినేసినా, అలగబాక. కాస్త చేదు తగిలితే బెల్లమేసినా. ఎందుకో నోరే ఎండిపోతా ఉండాది."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. కంటి నల్లపాప అంచుల దాకా పరుచుకుని ఉంది.

ఎంగిలి చేత్తోనే కంచె దగ్గరికి పరుగెత్తాడు. మనిషెత్తు పొద, సన్నటి తెల్లపూలు, పట్టపగలే వాసన. రేరాణికి చెల్లెలి వరస. పంకజం చెప్పిన వంశం అక్షరాలా నిజమే. పండు మాత్రం విషం. పువ్వూ పండూ ఉన్న కొమ్మ ఒకటి విరిచాడు.

ఆటోలో ఆమె ఒడిలో లేనివేవో ఏరసాగింది. "పూసలు తెగినాయి, తొక్కబాక," అంది. ఆయన కాళ్ళు పైకి ముడుచుకున్నాడు.

ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ కొమ్మ అందుకుంది. "మణత్తక్కాళే కదా పెద్దాయనా ఇది? అది అందరూ తినేదేగా?" అని తమిళంలో అడిగింది.

పంకజమూ తినేదేననుకుంది. పోలికలన్నీ ఆమెకు నేర్పింది దేవరాజులే. తేడాలు ఒక్కనాడూ చెప్పలేదు.

"కాదమ్మా," అంటూ గోటితో పువ్వు చీల్చాడు. "మణత్తక్కాళి పువ్వు చక్రం మాదిరి విచ్చుకోనుంటుంది. కేసరాలు నడిమధ్య పచ్చగా గుత్తి కట్టి బయటికే కనపడతాయి. ఇది చూడండి, పొడుగు గొట్టం. కేసరాలు లోపల దాగుండాయి. అది చిన్న మొక్క, ఇది కట్టె పొద. ఇది విషమమ్మా."

"కచ్చితంగా తెలుసా? దీన్ని బట్టే మందు."

పరీక్ష బల్ల మీద తప్పు రాస్తే పోయేది ఒక మార్కు.

"తెలుసమ్మా," అన్నాడు.

ఆమె నర్సును కేకేసింది. తెర లాగేశారు. తెర వెనక గొట్టాల చప్పుడు, పంకజం కక్కిన చప్పుడు, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దానికే ఆయన ఎక్కువ భయపడ్డాడు. చెప్పింది తప్పయితే? రేకులు మళ్ళీ మళ్ళీ మనసులో లెక్కపెట్టుకున్నాడు.

ఆరింటికి లోపలికి పిలిచారు. నాడి దారికొచ్చింది, రెండు రోజులు ఇక్కడే ఉండాలి అన్నారు. పంకజం కళ్ళు ఇంకా పెద్దవిగానే ఉన్నాయి, చూపు మాత్రం ఆయన మీద నిలిచింది.

"వంశం తప్పు చెప్పినానా ఏందయ్యా?"

"సరిగ్గానే చెప్పినావే," అన్నాడు దేవరాజులు. మంచం ఇనప కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు.