వాన సంగతి అడిగాను

మా ముత్తాత ఏడూళ్ల మీద పెత్తనం చేసిన నాయకర్. కోవిల్‌పట్టికి ఉత్తరాన నల్లరేగడిలో ఆయనను అడక్కుండా ఎవరూ నాగలి పట్టేవాళ్లు కాదంటారు. తాత కాలానికి ఊళ్లు పోయి పొలాలు, పత్తి గిడ్డంగులు మిగిలాయి. నాన్న కాలానికి ఒక గిడ్డంగి మిగిలింది. నా చేతికి వచ్చేసరికి ఇంటి మర్యాద మిగిలింది, తాత మొదలుపెట్టిన హాకీ జట్టు మిగిలింది. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. కొంత గొప్ప కోసం కూడానేమో. ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు ఆ మర్యాదను వాడుకుని చేసిన తప్పు. అందుకని ముందు మర్యాద సంగతి చెప్పక తప్పదు.

మీరెవరో నాకు తెలియదు. తెలుగు చదవగలరని మాత్రం తెలుసు. మా వైపు తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాష. గడప దాటితే తమిళమే. తెలుగు చదవడం, రాయడం దాదాపు ఎవరికీ రాదు. తాత పట్టుబట్టి ఒక అయ్యవారిని పెట్టి నాకు అక్షరాలు నేర్పించాడు. ఈ సంగతి తమిళంలో రాస్తే రేపు టీకొట్టులో పైకి చదువుతారు. తెలుగులో రాస్తే నేను అన్యాయం చేసిన మనిషి కూడా చదవలేడు, ఇది అతని ఇంటి భాషే అయినా. ఇది ధైర్యమా, పిరికితనమా? పిరికితనమే. అయినా రాస్తున్నాను.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పిల్లనిచ్చేవాళ్లు, గుమస్తాను పెట్టుకునేవాళ్లు, పొలం కౌలుకిచ్చేవాళ్లు ఫలానా మనిషి ఎలాంటివాడని వాకబు చెయ్యడానికి తాత దగ్గరికి వచ్చేవాళ్లు. మంచివాడైతే తాత "మంచోడు, నమ్మొచ్చు" అనేవాడు. కాకపోతే చెడ్డగా ఒక్క మాట అనేవాడు కాదు. ఎవరి కూడూ మా నోటి మాటతో పోకూడదని ఆయన పంతం. "మీ పక్కం వాన పడిందా?" అని అడిగేవాడు. అంతే. వచ్చినవాళ్లు వాన గురించి రెండు ముక్కలు చెప్పి, మజ్జిగ తాగి, లేచి వెళ్లేవాళ్లు. ఆ సంబంధం కుదిరేది కాదు. ఆ కౌలు కుదిరేది కాదు. ఆ ప్రశ్నకు అర్థం ఏమిటో చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. నాన్న కూడా అలాగే నడిపాడు. ఆస్తి పోయినా ఆ నమ్మకం పోలేదు. నా దగ్గరికి కూడా వచ్చేవాళ్లు.

ఇక జట్టు. కోవిల్‌పట్టిలో చెప్పుల్లేని పిల్లవాడి చేతిలో కూడా హాకీ స్టిక్ ఉంటుంది. ఏటా వేసవిలో జరిగే పోటీల్లో మా జట్టు ఆడటం తాత కాలం నుంచీ ఉంది. నా కాలంలో మొదటి ఆటకే ఓడి ఇంటికి రావడం అలవాటైంది. ఒక ఏడాది మైదానం మధ్యలో ఆడే మా సెంటర్ హాఫ్ కుర్రాడు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. మంచి ఆటగాణ్ని తెచ్చుకునే స్తోమత నాకు లేదు. అప్పుడు గురుసామి పేరు విన్నాను.

విరుదునగర్ వాడు. మన తెలుగువాళ్లే, నేతపనివాళ్లు. ఒక మిల్లు జట్టు అతన్ని వయసంతా ఆడించుకుని, చివరికి జట్టునే మూసేసింది. నలభైకి దగ్గర పడ్డాడు. అన్న పవర్‌లూమ్ షెడ్డులో పని చేసుకుంటున్నాడు. ఏ జట్టూ అడగడం లేదు. నేను బస్సెక్కి వెళ్లాను. బస్టాండు పక్కన పరోటా కొట్టులో కలిశాడు. నేను కొట్లో తినను. నిలబడే మాట్లాడాను. ఆట ఉన్న రోజు బత్తా, బస్సు చార్జీ, భోజనం. జీతం లేదు. పరిగెత్తలేకపోతే తిరుగు బస్సు ఎక్కించడమే.

"మోకాళ్లు ఎట్లుండాయి?" అని అడిగాను.

"ఎడమది నాదయ్యా. కుడిది డాక్టరుది" అన్నాడు. పరోటా తుంచుతూ నవ్వాడు. "నేను ఆడలేకపోయినా మీకు పోయేది ఏమీ లే. అందుకే కదా వచ్చినారు? కూచోండయ్యా, ఈ కొట్లో బెంచీ మాత్రం శుభ్రంగా ఉంటాది."

నేను కూర్చోలేదు. అతను చెప్పింది నిజం. నాకు పోయేది ఏమీ లేదు కాబట్టే తెచ్చుకున్నాను.

మొదట్లో మా కుర్రాళ్లు అతన్ని "తాతా, కర్ర ఆటకా, నడవడానికా?" అని ఏడిపించారు. అతను పరిగెత్తేవాడు కాదు. బంతి రాబోయే చోటికి ముందే వెళ్లి నిలబడేవాడు. ఆటంతా నోరు ఆగేది కాదు. ఎవడు ఎటు జరగాలో, ఎవడికి ఇవ్వాలో అరుస్తూనే ఉండేవాడు. ఆ ఏడు సెమీఫైనల్ దాకా వెళ్లాం. మర్నాడు టీకొట్టు దగ్గరికి పోతే నలుగురు లేచి నిలబడ్డారు. నాన్న పోయాక ఎవరూ నాకోసం లేవలేదు. ఆ సంతోషం ఎలాంటిదో మీకు చెప్పలేను. చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

కొన్నాళ్లకు గురుసామి ఇంటికి వచ్చాడు. విరుదునగర్‌లో ఒక బడిలో హాకీ నేర్పే పని ఖాళీ అయిందట. స్థిరమైన పని, ఉండటానికి ఇల్లు. ఆ పని తనకిమ్మని అడిగాడట. "మీ మాట ఒకటి ఉంటే చాలయ్యా" అన్నాడు. చెప్తానన్నాను. వెళ్లేముందు, అక్కడ చేరితే బయటి జట్టుకు ఆడకూడదట అని కూడా చెప్పాడు. దాచలేదు.

ఆ బడి నడిపే పెద్దమనిషి స్వయంగా వచ్చాడు. తెలుగాయనే. ఆయన తండ్రి మా తాత దగ్గరికి వాకబులకు వచ్చినవాడు. అరటిపళ్లు తెచ్చాడు. మా ఆవిడ మజ్జిగ ఇచ్చింది. క్షేమం అడిగాడు, పెచ్చులూడిన ఇంటి పైకప్పు చూసి చూపు తిప్పుకున్నాడు. తర్వాత నేరుగా విషయానికి వచ్చాడు.

"గురుసామి మీ దగ్గర ఆడతా ఉండాడంట. పిల్లల్ని అప్పజెప్పొచ్చా నాయకరే?"

మంచోడు అనే మాట నా నోట్లోనే ఉంది. నిజంగా ఉంది. కానీ దాని వెనకే వచ్చే వేసవి కనబడింది. మైదానం మధ్య గురుసామి లేని జట్టు, మొదటి ఆటకే ఓడిపోవడం, టీకొట్టు దగ్గర ఎవరూ లేవకపోవడం. గ్లాసు కింద పెట్టాను.

"మీ పక్కం వాన పడిందా?"

ఆయన నమ్మలేకపోయాడనుకుంటాను. అయినా మా ఇంటి మాటను ఆయన కాదనడు.

"లే నాయకరే. మబ్బు పట్టింది, పోయింది" అన్నాడు. మజ్జిగ పూర్తిగా తాగి లేచాడు.

నేను అబద్ధం చెప్పలేదు. చాలా కాలం ఈ మాటతోనే నెట్టుకొచ్చాను. వాన గురించి అడగడం అబద్ధమెలా అవుతుంది? కానీ తాత ఒకరిని చెడ్డవాడని అనకుండా ఉండటానికి కనిపెట్టిన మాటను, ఒక మంచివాణ్ని చెడ్డవాడని చెప్పడానికి నేను వాడాను. అబద్ధమైతే ఎవరైనా తప్పని నిరూపించవచ్చు. వాన ప్రశ్నను తప్పని ఎవరు నిరూపిస్తారు? విరుదునగర్‌లో తాగుతాడని కొందరన్నారు. మిల్లులో చేతివాటం చూపించాడు కాబోలని కొందరన్నారు. నేను ఏమీ అనలేదు కనుక ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు. ఒక్క మాట తిట్టినా అతనికి ఇంతకంటే మేలు జరిగేది.

గురుసామి వచ్చి వసారాలో కూర్చున్నాడు.

"ఎవరో నా గురించి ఏమో చెప్పినారయ్యా. ఏం చెప్పినారో తెలవదు."

"పోనీలే" అన్నాను. ఇంతకంటే నీచమైన మాట నా జన్మలో అనలేదు.

"పిల్లలకు నేర్పాలని ఆశ ఉన్నది. సరే, ఇంకేం చేసేది? మీరైనా నన్ను వదల్లే."

రెండో ఏడు మాకు ఆడాడు. మేము కప్పు గెలిచాం. ఆ చివరి ఆటలోనే డాక్టరుది అన్న మోకాలు పోయింది. మళ్లీ మగ్గాల దగ్గరికే వెళ్లాడు. అన్న షెడ్డు మూతపడ్డాక ఇంకొకరి షెడ్డులో కూలికి నిలబడుతున్నాడు. ఆ మోకాలితో, పగలంతా నిలబడే పని.

నేను కుమిలిపోతున్నానని అనుకోకండి. అది కూడా ఒప్పుకోవాలి. నేను బాగానే ఉన్నాను. రైల్వే గేటు దగ్గర చిన్న అద్దె ఇల్లు, మా ఆవిడ చేతి కూడు, సాయంత్రం టర్ఫ్ మైదానం గట్టు మీద చల్లగాలి. నిద్ర పడుతుంది. ఆ రెండు వేసవులు తలుచుకుంటే ఇప్పటికీ మనసు నిండుతుంది. నా పెద్దలు ఇవ్వకుండా నాకు దక్కినవి అవి రెండే, అవీ ఇంకొకరి మోకాలి మీద దక్కాయి. మళ్లీ ఆ పూట వస్తే ఏమంటాను? చాలాసార్లు నన్ను నేను అడిగాను. మంచోడు అంటానని గట్టిగా చెప్పలేకపోతున్నాను.

పోటీల రోజుల్లో గురుసామి వస్తాడు. గట్టు మీద నా పక్కనే కూర్చుంటాడు. కడలై మిఠాయి, అంటే వేరుశెనగ చిక్కీ, విరిచి సగం నా చేతిలో పెడతాడు. ఒకసారి చెప్పేద్దామని "గురుసామీ, ఒక మాట" అన్నాను. "చెప్పండయ్యా" అన్నాడు. అంతలో షార్ట్ కార్నర్‌కు విజిల్ వేశారు. అతను అటు తిరిగాడు. "చూడండయ్యా, ఎడమ పక్క వాణ్ని వదిలేసినారు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత అతను అడగలేదు. నేను చెప్పలేదు. బడి పెద్దమనిషి కాలం చేశాడు. ఇక ఈ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే ఉన్నాను, ఇప్పుడు మీరు.

మీరు క్షమించాలని రాయలేదు. క్షమించాల్సింది మీరు కాదు. ఇంత రాసేసరికి వెన్ను కొంచెం సడలింది, అంతే. ఇప్పుడు ఎవరైనా వాకబుకు వస్తే నాకేమీ తెలియదని పంపేస్తున్నాను. రావడం కూడా తగ్గిపోయింది.

గురుసామి వెళ్లిన మరుసటి ఏడు జట్టును ఏళాయిరంపన్నైలో పటాసుల ఫ్యాక్టరీ ఉన్న ఒకాయనకు ఇచ్చేశాను. స్టిక్కులు, గోలు వలలు, పోటీలో ఆడే హక్కు, అన్నీ కలిపి అమ్మాను.